మేడమీద స్పెయిన్ అన్నం

పిల్లలూ!

వండిన పదార్థానికి, దాన్ని వండిన పాత్ర పేరే పెట్టడం మీరెక్కడైనా విన్నారా? మన ఇళ్ళలో అన్నాన్ని "గిన్నె" అనీ, పులుసును "రాచ్చిప్ప" అనీ ఎవరూ అనరు గదా! (రాచ్చిప్ప అంటే పులుసు కాచే రాతిగిన్నె. చూడనివాళ్ళు నాయనమ్మను గాని, అమ్మమ్మను గాని అడగండి.) "అమ్మా, ఇంకాస్త రాచ్చిప్ప వడ్డించు" అంటే మీ అమ్మ నవ్వి ఊరుకుంటుంది.

కాని స్పెయిన్ దేశపు తూర్పు తీరాన, మధ్యధరా సముద్రం ఒడ్డున ఉన్న వాలెన్సియా సీమవాళ్ళు సరిగా ఆ పనే చేశారు. అక్కడ "పాయేయా" అంటే వెడల్పుగా, లోతు లేకుండా ఉండే పెనం. ఈ మాటకు మూలం లాటిన్ భాషలోని "పతెల్లా". దానికి చిన్న పళ్ళెం అని అర్థం. ఆ పెనంలో వండే అన్నానికి కూడా రానురాను అదే పేరు స్థిరపడిపోయింది. ఇంగ్లీషు అక్షరాలలో రాసినప్పుడు ఈ మాట నడుమ రెండు "ఎల్"లు ఉంటాయి. అందుచేత మనవాళ్ళలో చాలామంది "పాయెల్లా" అంటారు. స్పానిష్ భాషలో ఆ జంట అక్షరాన్ని "య" లాగా పలుకుతారు.

ఒక వంటకం పాత్ర పేరుతో చలామణీ అవుతున్నదంటే, దాని రహస్యమంతా ఆ పాత్రలోనే ఉండి ఉండాలి. ఆ రహస్యం ఏమిటో నేను మన హైదరాబాదులోనే, హైటెక్ సిటీలో ఒక మేడమీద చూశాను. మీకు కూడా చెబుతాను, వినండి.

హైటెక్ సిటీ ఉన్న మాదాపూర్ ప్రాంతం ఒకప్పుడు గుట్టలూ, బండరాళ్ళూ నిండిన చోటు. 1998 నవంబరు 22న అప్పటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజ్‌పేయి సైబర్ టవర్స్ భవనాన్ని ప్రారంభించారు. ఆ తరువాత అక్కడ అద్దాల మేడలు ఒకదాని పక్కన ఒకటి లేచినై. ఆ మేడల్లో పని చేసేవాళ్ళకు దేశదేశాలతో సంబంధం. అందుచేత దేశదేశాల వంటలు కూడా అక్కడికి వచ్చి చేరినై. మా అమ్మాయి ఆ కంపెనీల్లోనే ఒకదానిలో పని చేస్తుంది. పోయిన చలికాలంలో ఒక శనివారం సాయంత్రం ఆమె నన్నూ, ఆరో తరగతి చదివే మనవణ్ణీ, మూడో తరగతి చదివే మనవరాలినీ ఒక మేడమీది హోటలుకు తీసుకుపోయింది.

పైన చల్లని గాలి వీస్తున్నది. ఒక పక్క దుర్గం చెరువు, దాని మీద 2020లో తెరిచిన తీగల వంతెన దీపాలు. వేసవి రాత్రుల్లో డాబామీద నీళ్ళు చల్లి, చాపలు పరిచి, వెన్నెల్లో అన్నాలు తిన్న వాళ్ళకు ఈ మేడమీది విందు కొత్తది కాదు. వంట ఒక్కటే కొత్తది.

డాబా మధ్య ఒక పెద్ద గ్యాసు పొయ్యి, దాని మీద రెండు చెవుల పెనం. "తాతయ్యా, ఇందులో దోసె పోస్తే మన వీధి అందరికీ ఒక్కటే చాలు!" అన్నది మనవరాలు.

వంటమాస్టరు మన గోదావరి జిల్లా మనిషే. ముందుగా ఆలివ్ నూనెలో కోడిమాంసం ముక్కలు ఎర్రగా వేయించాడు. వెడల్పాటి చిక్కుళ్ళు, పెద్ద తెల్ల గింజలు, తురిమిన టమాటా, ఎర్ర మిరపపొడి వేశాడు. ఆ మిరప ఘాటుది కాదు, రంగుకూ వాసనకూ పనికివచ్చేది. తరవాత నీళ్ళు పోసి మరగనిచ్చాడు. చిటికెడు కుంకుమపువ్వు వేసేసరికి నీళ్ళు బంగారురంగుకు తిరిగినై. అప్పుడు బియ్యం పోసి పెనమంతా సమంగా సర్దాడు. పక్కన ఇంకో పెనంలో మాంసం లేకుండా కూరగాయలతోనే మరొకటి తయారవుతున్నది.

అంతే, ఆ తరవాత ఆయన గరిటె ముట్టుకోలేదు. మూత కూడా పెట్టలేదు. నాకు ఉండబట్టలేదు.

"కలపవేం నాయనా? అడుగంటుతుందేమో!" అన్నాను.

"అడుగంటాలనే చూస్తున్నానండీ మాస్టారూ!" అన్నాడతను.

చూశారా! మన వంటింట్లో తప్పయిన పని ఆ వంటకు ప్రాణమన్నమాట. ఎందుకో ఆలోచిద్దాం.

ఆ పెనం అడ్డుకొలత 60 సెంటీమీటర్లు. మన ఇంట్లో అన్నం వండే గిన్నె అడ్డుకొలత 30 సెంటీమీటర్లు అనుకోండి. పెనం గిన్నెకు రెండింతలు వెడల్పు. మరి పైనుండే చోటు ఎన్ని రెట్లు? "రెండు రెట్లు" అన్నాడు మా మనవడు తొందరపడి. లెక్క వేసి చూడండి. గిన్నె వ్యాసార్ధం 15. వైశాల్యం సుమారు 707 చదరపు సెంటీమీటర్లు. పెనం వ్యాసార్ధం 30. వైశాల్యం సుమారు 2,829. అంటే నాలుగు రెట్లు! నీళ్ళు ఆవిరయ్యేది పైభాగం నుంచే గదా. కనుక అవే నీళ్ళను ఈ పెనంలో పోస్తే, నాలుగు రెట్లు విశాలమైన చోటునుంచి ఆవిరి లేచిపోతుంది. నీళ్ళు పోతాయి, నీళ్ళలో దిగిన రుచి మిగిలి గింజలోకి ఇంకుతుంది.

గరిటె పెట్టి కలిపితే బియ్యపు గింజలు ఒకదానికొకటి రాచుకొని, పైనున్న పిండి పదార్థం నీళ్ళలోకి దిగి, అన్నం జావజావగా తయారవుతుంది. కలపకపోతే దేనికది విడిగా ఉంటుంది. ఆ వంటకు వాడే వాలెన్సియా బియ్యాలలో "బొంబా" అనే రకం ప్రసిద్ధమైనది. పొట్టి గింజ. మన బాస్మతి ఉడికితే పొడుగ్గా సాగుతుంది. బొంబా సాగదు, అడ్డంగా ఉబ్బుతుంది. తన కొలతకు సుమారు మూడింతల నీటిని తాగి కూడా పగలకుండా నిలుస్తుంది.

మన హైదరాబాదు బిర్యానీ దీనికి పూర్తిగా ఎదురు పద్ధతి. లోతైన గిన్నె, పైన మూత, మూత చుట్టూ గోధుమపిండి ముద్దతో మెత్తి ఆవిరి బయటికి పోకుండా దమ్ము పెట్టటం. ఒక దేశంవాళ్ళు ఆవిరిని వదిలిపెట్టి అన్నానికి రుచి తెచ్చారు. మరో దేశంవాళ్ళు ఆవిరిని బంధించి రుచి తెచ్చారు. ఇద్దరి లెక్కా సరైనదే.

ఇక అడుగంటే సంగతి. నీరు 100 డిగ్రీల వేడిమి దగ్గర మరుగుతుందని మీరు చదువుకున్నారు. అది సముద్రమట్టం దగ్గర. హైదరాబాదు సుమారు 540 మీటర్ల ఎత్తున ఉన్నది గనుక ఇక్కడ 98 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. పెనంలో నీరున్నంతసేపూ, కింద మంట ఎంత పెంచినా, అన్నం అంతకు మించి వేడెక్కదు. నీరంతా ఇగిరిపోయిన మరుక్షణం అడుగున ఉన్న పొర వేడెక్కటం మొదలుపెడుతుంది. 140 డిగ్రీలు దాటేసరికి ఆ పొరలోని చక్కెరలూ, మాంసకృత్తుల భాగాలూ కలిసి గోధుమరంగు పదార్థాలుగా మారతాయి. కమ్మని వాసన వస్తుంది. వేగిన దోసెకూ, కాల్చిన రొట్టెకూ ఆ రంగూ, ఆ వాసనా వచ్చేది కూడా ఇందువల్లనే. 1912లో లూయీ కమీల్ మయ్యార్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఈ మార్పును వర్ణించాడు. అందుకే దీనికి "మయ్యార్ చర్య" అని పేరు.

వంటమాస్టరు ఇదంతా చెవితో కనిపెడుతున్నాడు! బుడబుడమనే చప్పుడు తగ్గి, చిటచిటమనే చప్పుడు మొదలుకాగానే ఒక్క నిమిషం ఆగి పొయ్యి ఆర్పేశాడు. మరి కాసేపు ఉంచితే నల్లబడి చేదెక్కుతుందట. అడుగున కట్టిన ఆ కరకరలాడే పొరను వాలెన్సియావాళ్ళు "సోకర్రాత్" అంటారు. మనం మాడుచెక్క అంటాం. దానికోసం అక్కడ పెద్దవాళ్ళు కూడా పోటీలు పడతారని అతను చెబితే, మా పిల్లలిద్దరూ గరిటెలు చేతబట్టుకొని ముందే సిద్ధమైనారు.

వాలెన్సియాలో ఈ అన్నం మధ్యాహ్నపు భోజనం. ముఖ్యంగా ఆదివారం, బంధువులంతా కూడినప్పుడు, నారింజకట్టెల మంట మీద వండుతారు. సంప్రదాయం తప్పనివాళ్ళు కంచాలు పెట్టుకోరు. పెనాన్ని నడుమ పెట్టి, చుట్టూ కూర్చుని, కొయ్య చెంచాలతో ఎవరి ఎదుట ఉన్నది వాళ్ళు తింటారు. పక్కవాడి వాటాలో చెంచా పెట్టటం మర్యాద కాదు. ఇది వినగానే నాకు మా అమ్మ గుర్తుకు వచ్చింది. పెద్ద బేసినులో ఆవకాయ అన్నం కలిపి, చుట్టూ కూర్చున్న మా అందరి చేతుల్లో వరసగా ముద్దలు పెట్టేది. ఎవరి వంతు వచ్చేదాకా వాళ్ళు ఆగాలి. మేమూ ఆ రాత్రి పెనం చుట్టూ కూర్చునే తిన్నాం. నిమ్మకాయ పిండుకొని తింటే అన్నం ఎంతో కమ్మగా ఉన్నది. కుంకుమపువ్వు వాసన, వేయించిన మాంసపు రుచి, పంటికింద మాడుచెక్క! పెనంలో ఒక్క మెతుకు మిగలలేదు.

కడుపు నిండాక మా మనవడికి సందేహం వచ్చింది. "స్పెయిన్‌లో రొట్టె గదా తింటారు తాతయ్యా? వాళ్ళకు వరి ఎవరిచ్చారు?"

మంచి ప్రశ్న. వరి పుట్టిల్లు ఆసియా. అరబ్బులూ, ఉత్తర ఆఫ్రికావాళ్ళూ 711లో స్పెయిన్‌లో అడుగుపెట్టారు. వరిసాగునూ, కాలవల పారుదలనూ అక్కడ విస్తరింపజేసింది వాళ్ళే. దీనికి సాక్ష్యం మాటల్లోనే ఉన్నది. అరబ్బీలో బియ్యాన్ని "అర్‌రుజ్" అంటారు, స్పానిష్‌లో "అర్రోస్". అరబ్బీలో కుంకుమపువ్వు "జాఫరాన్", స్పానిష్‌లో "అసాఫ్రాన్", మన పాతబస్తీలో "జాఫ్రాన్". ఒకే మాట ఒక చివర స్పెయిన్‌కూ, మరో చివర మన చార్మినారుకూ నడిచిపోయింది! ఒక్క గ్రాము కుంకుమపువ్వు కావాలంటే సుమారు 150 పువ్వులు కోసి, ఒక్కొక్క పువ్వులోని మూడేసి ఎర్రని కీలాగ్రాలను చేత్తో తీయాలి. చిటికెడే ఎందుకు వేశాడో తెలిసిందా? ఇక టమాటా, మిరప మాత్రం అరబ్బులు తెచ్చినవి కావు. 1492లో కొలంబస్ అమెరికా చేరిన తరువాతనే అవి స్పెయిన్‌కు గాని, మనకు గాని తెలిసినై.

వరికి నీరు కావాలి. నీరున్నచోట తగాదా ఉంటుంది. మన తెలంగాణా పల్లెల్లో చెరువునీటిని వంతుల ప్రకారం వదలటానికి నీరటి ఉండేవాడు గదా. వాలెన్సియాలో దీనికి ఒక న్యాయస్థానమే ఉన్నది. ప్రతి గురువారం మధ్యాహ్నం అక్కడి పెద్ద చర్చి గుమ్మం ఎదుట ఎనిమిది కాలవల రైతుల ప్రతినిధులు కూర్చుని, తగాదాలు నోటిమాటగానే విని తీర్పు చెబుతారు. వందల ఏళ్ళుగా నడుస్తున్న ఈ ఆచారాన్ని 2009లో యునెస్కో మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వాల పట్టికలో చేర్చింది.

కాని పిల్లలూ, ఈ కథలో ఒక దుఃఖం కూడా ఉన్నది.

పెనంలో పలచగా నిలిచిన నీరు అన్నానికి రుచి ఇచ్చింది. పొలంలో పలచగా నిలిచిన నీరు వరికి ప్రాణమిచ్చింది. కాని ఆ నీటి పక్కన కాపురమున్నవాళ్ళను చలిజ్వరం పట్టుకొనేది. వాలెన్సియాకు దక్షిణాన "అల్బుఫేరా" అనే కయ్య ఉన్నది. ఇది కూడా అరబ్బీ మాటే. చిన్న సముద్రమని అర్థం. దాని చుట్టూ వరిపొలాలు. ఆ ఊళ్ళలో రోజు విడిచి రోజు వణుకు, జ్వరం. వాలెన్సియాలో పుట్టిన ఆంతోనియో హోసే కవానీయెస్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఆ సీమంతా తిరిగి, 1795లోనూ, 1797లోనూ రెండు సంపుటాల గ్రంథం ప్రకటించాడు. వరి ఊళ్ళలో జ్వరాలవల్ల మనుషులు నశించిపోతున్నారనీ, ఈ సాగును కట్టడి చేయాలనీ అందులో వాదించాడు. అంతకుముందు కూడా పాలకులు వరిసాగుకు ఎన్నోసార్లు హద్దులు పెట్టారు, నిషేధించారు. అయినా రైతులు మానలేకపోయినారు. పండిస్తే జ్వరం, పండించకపోతే ఆకలి! ఆ పేదవాళ్ళ స్థితిలో మీరుంటే ఏది ఎంచుకునేవారు?

చెడుగాలి వల్ల ఆ జ్వరం వస్తుందని అందరూ నమ్మేవారు. "మలేరియా" అన్న మాటకు ఇటాలియన్ భాషలో అర్థం అదే. 1880లో లావెరాన్ అనే ఫ్రెంచి డాక్టరు రోగుల రక్తంలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. కాని అది ఒంట్లోకి ఎట్లా వస్తుంది?

దీనికి జవాబు దొరికింది స్పెయిన్‌లో కాదు. మేము భోంచేసిన మేడకు దగ్గరలోనే! హైటెక్ సిటీ స్టేషనులో మెట్రో రైలెక్కితే, అదే దారిలో బేగంపేట వస్తుంది. అక్కడ 1897లో డాక్టరు రొనాల్డ్ రాస్ మైక్రోస్కోపు ముందు కూర్చుని దోమలను కోసి పరీక్షిస్తూండేవాడు. ఆగస్టు మాసం, ఉక్క. పంకా వేస్తే దోమలు ఎగిరిపోతాయని పంకా కూడా వేసుకోలేదు. హుసేన్ ఖాన్ అనే రోగి, కుట్టిన ఒక్కొక్క దోమకు ఒక అణా చొప్పున తీసుకొని, దోమల చేత కుట్టించుకున్నాడు. ఆగస్టు 20న రెక్కలమీద మచ్చలున్న ఒక దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవి పెరుగుతూ రాస్ కంటబడింది. మరుసటి ఏడు కలకత్తాలో పక్షుల మలేరియాను పరిశోధించి, దోమకాటు ద్వారానే అది అంటుతుందని ఆయన రుజువు చేశాడు. ఆ ఏడే ఇటలీ శాస్త్రజ్ఞులు మనుషుల విషయంలోనూ ఇదే నిజమని చూపారు. 1902లో రాస్‌కు నోబెల్ బహుమానం వచ్చింది. ఆయన పేరున్న ఆ కట్టడం ఇప్పటికీ బేగంపేటలో ఉన్నది. మీ నాన్నగారితో వెళ్ళి చూడండి. బహుమానం రాస్‌కు వచ్చినా, ఆ పనిలో హుసేన్ ఖాన్ చెయ్యి కూడా ఉన్నదని మరచిపోకండి.

శత్రువు గాలి కాదు, దోమ అని తెలిశాక దారి దొరికింది. వరిని చంపనక్కరలేదు, దోమను అదుపు చేస్తే చాలు. మందులూ, నీటి కట్టుబాట్లూ పనిచేసినై. 1964లో ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పెయిన్‌ను మలేరియా లేని దేశంగా గుర్తించింది. అల్బుఫేరా చుట్టూ ఇప్పటికీ వరి పండుతూనే ఉన్నది. ఆ బియ్యం తినటానికి ఇప్పుడు ఎవరూ ప్రాణం పెట్టనక్కరలేదు. మేడమీద మేము తిన్న ఒక్కొక్క మెతుకు వెనుకా ఇంత కథ ఉన్నది. అన్నం పారవేయకూడదని పెద్దలు అంటే, అది ఊరికే అనే మాట కాదు.

ఇక మీకు రెండు పనులు.

మొదటిది: ఒక గ్లాసులో సగం నీళ్ళు పోయండి. అన్నే నీళ్ళు ఒక వెడల్పాటి పళ్ళెంలో పోయండి. రెండూ ఒకేచోట ఎండలో పెట్టి, ఏది ముందుగా ఆరిపోతుందో, ఎంత ముందుగా ఆరిపోతుందో గడియారం చూసి రాసుకోండి. పాయేయా పెనం రహస్యం మీ పళ్ళెంలోనే కనిపిస్తుంది.

రెండవది దీనికంటే ముఖ్యమైనది. మీ మేడమీదికి వెళ్ళండి, పెద్దవాళ్ళను వెంట తీసుకొని. నీళ్ళ ట్యాంకుకు మూత సరిగా ఉన్నదా? పూలకుండీల కింది పళ్ళేలలో, పాత టైర్లలో, కొబ్బరిచిప్పల్లో నీరు నిలిచి ఉన్నదా? మలేరియా దోమల్లో ఒక జాతి పట్టణాల్లో ట్యాంకుల నీటిలోనే గుడ్లు పెడుతుంది. డెంగ్యూ దోమకు కొబ్బరిచిప్పలో నీరు చాలు. గుడ్డునుంచి దోమ అయ్యేందుకు వారం పది రోజులు పడుతుంది. కనుక వారానికి ఒకసారి ఆ నీళ్ళన్నీ పారబోసి ఆరనిస్తే, దోమ పుట్టనే పుట్టదు. ఆ తరవాత అదే మేడమీద చాప పరచుకొని, అందరూ కలిసి వెన్నెల్లో అన్నం తినండి. అది స్పెయిన్ అన్నమైనా సరే, ఆవకాయ అన్నమైనా సరే!